ఆటిజాన్ని పేగుల్లో వెతకడం

మూడేళ్లు నిండినా మాట రాదు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, చూపు కలపడు. పెరుగన్నం తప్ప మరో ముద్ద నోటిలోకి రానివ్వడు. నాలుగు రోజులకోసారి గానీ దొడ్డికి వెళ్లడు, వెళ్లినప్పుడల్లా ఇల్లు దద్దరిల్లేలా ఏడుస్తాడు. ఇలాంటి బిడ్డ ఉన్న ఇల్లు బాపట్ల జిల్లా నగరం మండలంలో ఉన్నా, పక్కనే రేపల్లెలో ఉన్నా, తెనాలిలో ఉన్నా తల్లిదండ్రులు చేసే మొదటి పని ఒకటే. ఫోనులో ఆటిజం అని వెతుకుతారు. ఇది అసలు మెదడుకు సంబంధించినది కాదని, పేగుల్లో చెడ్డ బాక్టీరియా చేరడం వల్ల వచ్చిందని, పేగులు బాగుపడితే మాటలు వాటంతట అవే వస్తాయని చెప్పే వీడియోలు వరసగా వస్తాయి. వాటి వెంటే ప్రోబయోటిక్ పొడులు, మల పరీక్షల ప్యాకేజీలు, పాలూ గోధుమలూ మాన్పించే ఆహార పట్టికలు వస్తాయి. ఈ ప్రచారానికి ఆధారంగా చూపే పరిశోధనలు కల్పితం కావు. పేరున్న పత్రికల్లో అచ్చయినవే. అందుకే వాటిని ఒక్క మాటతో కొట్టిపారేయకుండా నింపాదిగా పరిశీలించాలి. అలా చూస్తే నాకు తేలింది ఇది: ఆటిజం ఉన్న పిల్లల కడుపు బాధ నిజం. వారి పేగుల్లోని బాక్టీరియాలో తేడాలు చాలా అధ్యయనాల్లో కనిపించాయన్నదీ నిజం. ఆ తేడాల వల్లే ఆటిజం వచ్చిందన్న మాటకు మాత్రం నిలబడే సాక్ష్యం లేదు. ఉన్న సాక్ష్యంలో బలమైన భాగం ఎదురు దిక్కుకే వేలు చూపిస్తోంది.

పేగులను అనుమానించడంలో తప్పేమీ లేదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజాన్ని మొదటిసారి వివరంగా వర్ణించాడు. వారిలో పలువురికి పసితనం నుంచే తిండి దగ్గర పేచీ ఉండేదని అప్పుడే రాసిపెట్టాడు. 2014లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం, విరేచనాలు, కడుపునొప్పి వంటి బాధలు ఉండే అవకాశం తక్కిన పిల్లల కంటే నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. ఇక పేగులకూ మెదడుకూ మధ్య రాకపోకలు ఉన్నాయన్నది ఎవరూ కాదనని సంగతి. ఒక మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో ఒక అంచనా వచ్చింది. ఒంట్లోని సొంత కణాలు 30 లక్షల కోట్లు. అంటే లెక్కలో మనమే తక్కువ. మెదడులో కబుర్లు మోసే సెరొటోనిన్ అనే రసాయనం ఒంట్లో ఉన్నదాంట్లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. దాని తయారీని కొన్ని రకాల బాక్టీరియా పెంచుతుందని 2015లో ఎలుకల మీద చూపించారు. ఆటిజం ఉన్న కొందరు పిల్లల రక్తంలో సెరొటోనిన్ ఎక్కువగా ఉందని 1961లోనే గమనించారు. పైగా కడుపు నుంచి మెదడు అడుగుభాగం దాకా వేగస్ నాడి నేరుగా తీగ లాగినట్టు ఉంది. ఇన్ని దారాలు ఒకచోట చేరినప్పుడు వాటిని ముడివేసి చూడాలని శాస్త్రవేత్తకు అనిపించకపోతేనే ఆశ్చర్యం.

చిక్కు ఆ ముడి బిగించేటప్పుడు మొదలైంది. ఆటిజం ఉన్న పిల్లల మలాన్నీ, లేని పిల్లల మలాన్నీ పోల్చిన అధ్యయనాలు గత ఇరవై ఏళ్లలో లెక్కకు మించి వచ్చాయి. ఒకదానిలో ఎక్కువగా కనిపించిన బాక్టీరియా మరొకదానిలో తక్కువగా కనిపిస్తుంది. 2013లో అమెరికాలోని అరిజోనా పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లల్లో ప్రివోటెల్లా అనే జాతి తక్కువగా ఉందన్నారు. ధాన్యాలు, పప్పులు, కూరగాయలు ఎక్కువగా తినే భారతీయుల పేగుల్లో బాగా కనిపించే జాతి అదే. దాని లోటే కారణమైతే మన దేశంలో ఆటిజం అరుదైన సంగతి అయి ఉండాలి. 2018లో అచ్చయిన కేరళ పిల్లల అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. ఆటిజం ఉన్న 30 మంది పిల్లలను, వారి కుటుంబాలకే చెందిన 24 మంది ఆరోగ్యవంతులైన పిల్లలతో పోల్చారు. ఆటిజం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించినవాటిలో లాక్టోబాసిల్లస్ ఒకటి. పాలను పెరుగుగా మార్చే కుటుంబం అది. ‘మంచి బాక్టీరియా’ అని డబ్బాల మీద రాసి ఇదే పిల్లలకు అమ్ముతున్నదీ దాన్నే. ఆ బాక్టీరియా ఆటిజం తెచ్చిందని దీనర్థం కాదు. ఆ పిల్లలు ఏం తింటున్నారన్న ప్రశ్న ముందు తేలనిదే ఏ బాక్టీరియా లెక్కకూ అర్థం లేదని మాత్రమే దీనర్థం.

ఆ ప్రశ్నను సూటిగా అడిగినవాళ్లు ఆస్ట్రేలియా పరిశోధకులు. 2021లో ‘సెల్’ పత్రికలో వచ్చిన వారి అధ్యయనంలో 247 మంది పిల్లలున్నారు. అందులో 99 మందికి ఆటిజం ఉంది. వారి తోబుట్టువులను, సంబంధం లేని ఇతర పిల్లలను కూడా చేర్చారు. మలంలోని జన్యు పదార్థాన్ని మొత్తంగా చదివారు. అంతవరకు చాలామంది చేసిందే. దానికి తోడు పిల్లలు ఏమేం తింటారో, ఎన్ని రకాలు తింటారో, ఏ ఆహారానికి ముఖం తిప్పుకుంటారో కూడా రాసుకున్నారు. ఆటిజానికీ బాక్టీరియాకూ నేరుగా ఉన్న సంబంధం దాదాపు ఏమీ లేదని తేలింది. తిండిలో రకాలు తగ్గిన కొద్దీ పేగుల్లో బాక్టీరియా రకాలు తగ్గుతున్నాయి. ఆటిజం లక్షణాలు ఎక్కువగా ఉన్న పిల్లలు తినే రకాలు తక్కువ. వాసన, మెత్తదనం, రంగు, శబ్దం వీటన్నిటినీ ఆ పిల్లల మెదడు తీవ్రంగా తీసుకుంటుంది. బెండకాయ జిగురు, వంకాయ గింజ, గోంగూర పులుపు వారికి మన అనుభవంలో ఉన్నట్టు ఉండవు. కాబట్టి ఎప్పుడూ ఒకేలా ఉండే ఒకటి రెండు పదార్థాలకు అతుక్కుపోతారు. అంటే ఆటిజం తిండిని మారుస్తోంది, తిండి బాక్టీరియాను మారుస్తోంది.

కృష్ణా డెల్టా కాలువలు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. గుర్రపుడెక్క కమ్మేసిన కాలువలో నీళ్లు పారవు. నీళ్లు పారకపోవడానికి గుర్రపుడెక్కే కారణమని చూడగానే అనిపిస్తుంది. పూడిక నిండి నీటి వేగం తగ్గి, పొలాల నుంచి ఎరువుల నీరు చేరిన చోటనే అది అంతగా పెరుగుతుందని కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. ఒకసారి పెరిగాక అది ఉన్న పారుదలను ఇంకా తగ్గిస్తుందన్నదీ నిజమే. ఆటిజంలో పేగుల కథకు ఈ రెండో భాగం కూడా వర్తించవచ్చు. తిండి వల్ల మారిన బాక్టీరియా మలబద్ధకాన్ని పెంచి, మలబద్ధకం నిద్రను చెడగొట్టి, నిద్రలేమి పిల్లవాడి చిరాకును పెంచవచ్చు. దాన్ని నేను కాదనను. అయితే డెక్క పీకినంత మాత్రాన కాలువలో పూడిక పోదు. 2024లో హాంకాంగ్ పరిశోధకులు 1,627 మంది పిల్లల మలాన్ని పరీక్షించి, అందులోని సూక్ష్మజీవుల గుర్తులతో ఆటిజం ఉన్నవారిని చాలావరకు పోల్చుకోవచ్చని చూపినప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. డెక్కను చూసి పూడిక ఎక్కడుందో చెప్పవచ్చు. ఆ గుర్తింపు పనికొచ్చేదే. దాన్ని కారణమనడం మాత్రం కుదరదు.

ఎలుకల ప్రయోగాల మాటేమిటని అడగవచ్చు. అక్కడ తిండి ఒకటే, గది ఒకటే, బాక్టీరియా ఒక్కటే మారుతుంది కదా అన్నది ఆ ప్రశ్నలోని బలం. 2019లో అమెరికాలో ఆటిజం ఉన్నవారి మలాన్ని, లేనివారి మలాన్ని బాక్టీరియా అసలే లేని ఎలుకలకు ఎక్కించారు. ఆటిజం ఉన్నవారి బాక్టీరియా అందుకున్న ఎలుకల సంతానం తక్కువగా కలిసిమెలిసి తిరిగిందని, పొట్టులో గోళీలను ఎక్కువగా పూడ్చిపెట్టిందని ప్రకటించారు. ప్రపంచమంతా పతాక శీర్షికలైంది. తర్వాత గణాంకవేత్తలు ఆ లెక్కలు విప్పి చూశారు. ఎలుకలు చాలా ఉన్నాయి గానీ మలం ఇచ్చిన మనుషులు కొద్దిమందే. ఒకే మనిషి బాక్టీరియా అందుకున్న ఎలుకలన్నిటినీ వేటికవే వేరు సాక్ష్యంగా లెక్కించడం వల్ల తేడా ఉన్నదానికంటే గట్టిగా కనిపించిందని వారి విమర్శ. దానికంటే నన్ను ఎక్కువగా ఆపేది మరొకటి. మన పిల్లలకు ఉన్నది మాటను అర్థం చేసుకోవడంలో, ఎదుటి మనసును పసిగట్టడంలో, మార్పును తట్టుకోవడంలో ఇబ్బంది. గోళీ పూడ్చిన ఎలుకలో దాని ప్రతిబింబాన్ని చూడటానికి చాలా పెద్ద గెంతు కావాలి. ఆ గెంతు వేయడానికి పేగుల గురించిన ఉత్సాహం సరిపోదు.

మనుషుల మీద చేసిన వైద్యం ఫలించింది కదా అన్నది తర్వాతి అభ్యంతరం. తల్లిదండ్రులు ఆశగా పట్టుకునేది దీన్నే. 2017లో అరిజోనాలో ఆటిజంతో పాటు పేగుల బాధలూ ఉన్న 18 మంది పిల్లలకు ముందు యాంటీబయోటిక్ ఇచ్చి, పేగులు శుభ్రపరచి, ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన బాక్టీరియాను వారాల తరబడి ఇచ్చారు. పేగుల బాధలు దాదాపు 80 శాతం తగ్గాయని, ప్రవర్తనలోనూ మెరుగుదల కనిపించిందని రాశారు. రెండేళ్ల తర్వాత చూసినా ఆ మెరుగుదల నిలిచిందని 2019లో ప్రకటించారు. ఆ పిల్లల కడుపు బాధ తగ్గడం నాకు సంతోషం కలిగించే వార్తే. అయితే అందరికీ మందే ఇచ్చారు. ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి చూసిన మరో గుంపు లేదు. పిల్లవాడికి మందు అందుతోందని తల్లిదండ్రులకు తెలుసు, మార్కులు వేసినవారికీ తెలుసు. ఆటిజంలో ఇది చిన్న లోపం కాదని చెప్పడానికి సెక్రటిన్ ఉదంతం చాలు. సెక్రటిన్ పేగుల్లో ఊరే ఒక హార్మోను. 1998లో ముగ్గురు పిల్లలకు పేగుల పరీక్ష కోసం దాన్ని ఇచ్చాక ఆటిజం లక్షణాలు తగ్గాయన్న కథనం వచ్చింది. టీవీలో ప్రసారం కాగానే వేలాది కుటుంబాలు దాని కోసం ఎగబడ్డాయి. 1999లో 60 మంది పిల్లలను రెండు భాగాలు చేసి, సగం మందికి సెక్రటిన్, సగం మందికి ఉప్పునీరు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు చెప్పలేదు. రెండు గుంపులకూ మధ్య తేడా కనిపించలేదు. ఆ ఫలితం తెలిశాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు సెక్రటిన్ మీద ఆసక్తి ఉందన్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పిల్లలు ఎదుగుతారు, థెరపీతో కొత్తవి నేర్చుకుంటారు, మంచి రోజులూ చెడ్డ రోజులూ వస్తాయి. ఆశతో కళ్లు విప్పుకుని చూసేవారికి మంచి రోజు మందు గుణంగానే కనిపిస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే ఆ రెంటినీ విడదీసి చూపగలిగేది ఉప్పునీటి సూదే.

కడుపు పుండుకు బాక్టీరియా కారణమని బారీ మార్షల్ చెప్పినప్పుడు వైద్యులు నమ్మలేదు, ఆయనకే 2005లో నోబెల్ వచ్చింది, ఇదీ అలాగే కావచ్చు కదా అనేవారూ ఉన్నారు. ఇది బరువున్న వాదన. దానికి జవాబు మనవాడి జీవితంలోనే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనా ఆ జబ్బుతో బాధపడ్డాడు. చిన్న పేగు లోపలి పొర పాడై, తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమవుతాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన కన్నుమూసిన 1948లోనే, అక్కడే బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. నేటికీ స్ప్రూకు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అవి ఇస్తే రక్తం పెరుగుతుంది, పేగు పొర కోలుకుంటుంది, మనిషి లేచి తిరుగుతాడు. కడుపు పుండులోనూ అంతే. బాక్టీరియాను చంపితే పుండు మానుతుంది, చాలామందిలో తిరిగి రాదు. మార్షల్ గెలిచింది ఎదిరించినందుకు కాదు, కారణాన్ని సరిచేస్తే జబ్బు నయం కావాలన్న ఈ పరీక్షలో నెగ్గినందుకు. ఆటిజానికి ఇదే పరీక్ష పెట్టారు. 2000లో అచ్చయిన ఒక ప్రయత్నంలో 11 మంది పిల్లలకు వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ నోటి ద్వారా ఇచ్చారు. కొన్నాళ్లు మెరుగైనట్టు కనిపించింది, మందు ఆపాక ఆ మెరుగు నిలవలేదు. అక్కడా పోలిక గుంపు లేదు. పాతికేళ్లు గడిచినా ఆటిజానికి స్ప్రూ వంటి, పుండు వంటి ఫలితం చూపిన బాక్టీరియా వైద్యం రాలేదు.

కాలక్రమం కూడా అడ్డొస్తుంది. డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాలకు చెందిన 20 లక్షల మంది పిల్లల వివరాలతో 2019లో వచ్చిన లెక్క ప్రకారం ఆటిజం విషయంలో మనుషుల మధ్య ఉండే తేడాల్లో 80 శాతం దాకా వారసత్వానిదే. ఆటిజంతో ముడిపడిన జన్యువులు చాలావరకు బిడ్డ గర్భంలో ఉండగానే, మెదడు పొరలు అల్లుకునే నెలల్లో పనిచేస్తాయి. బిడ్డ పేగుల్లో బాక్టీరియా కాపురం పెట్టేది ప్రధానంగా పుట్టాక. ఇక్కడే సిజేరియన్ భయం వస్తుంది. తల్లి జననమార్గంలోని బాక్టీరియా అందకపోవడం వల్ల సిజేరియన్ బిడ్డలకు ఆటిజం వస్తుందన్న మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే ఆ మాట లక్షల మంది తల్లుల గుండెల్లో ముల్లు. స్వీడన్‌లో దాదాపు 27 లక్షల మంది పిల్లలను చూసిన 2015 అధ్యయనంలో సిజేరియన్ పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువగానే కనిపించింది. ఒకే తల్లికి సిజేరియన్‌తో పుట్టిన బిడ్డను, మామూలుగా పుట్టిన బిడ్డను పోల్చగానే ఆ తేడా మాయమైంది. తేడా కుటుంబాలలో ఉంది, కాన్పు తీరులో లేదు. అవసరం లేని సిజేరియన్లు తగ్గాలి, అందుకు వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. ఆటిజం ఉన్న బిడ్డ తల్లి మాత్రం ఆ కాన్పును తలచుకుని తనను తాను నిందించుకోవలసిన పని లేదు.

సరే, నిరూపణ కాకపోయినా ప్రయత్నిస్తే పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. పాలు, గోధుమలు మాన్పించే ఆహార నియమాన్నే తీసుకోండి. డెల్టాలో మూడు పూటలా అన్నం తినే ఇళ్లలో గోధుమ ముందే తక్కువ. అయినా ఆటిజం లేకుండా పోలేదు. దేశంలో ఐదు చోట్ల పిల్లల ఎదుగుదల లోపాలను లెక్కగట్టి 2018లో ప్రచురించిన సర్వేలో హైదరాబాద్, ఒడిశాలోని ఢెంకనాల్, ఉత్తర గోవా వంటి బియ్యం ప్రాంతాలూ ఉన్నాయి. అక్కడా ఆటిజం ఉంది. ఇక పాల విషయానికి వస్తే, పెరుగన్నం ఒక్కటే తినే బిడ్డకు పెరుగు తీసేస్తే ఉన్న ప్రధాన మాంసకృత్తుల ఆధారమూ, కాల్షియమూ, బి12 విటమినూ పోతాయి. బిడ్డ మరొకటి తినడం మొదలుపెట్టడు, తినడం మానేస్తాడు. డబ్బు సంగతి సరేసరి. గుంటూరుకో విజయవాడకో థెరపీకి తిప్పే బస్సు ఛార్జీలకే తడుముకునే కుటుంబం ఆ పొడుల డబ్బాలకు పెట్టే ప్రతి వెయ్యీ స్పీచ్ థెరపీ లెక్కలోంచే పోతుంది. అంతకంటే పెద్ద ముప్పును ప్రపంచం ఒకసారి చూసింది. 1998లో ‘లాన్సెట్’లో 12 మంది పిల్లల పేగుల వాపును చూపించి, దాన్ని తట్టు టీకాతోనూ ఆటిజంతోనూ ముడివేసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని 2010లో పత్రిక వెనక్కి తీసుకుంది. ఈలోగా ఎన్నో ఇళ్లలో టీకాలు ఆగిపోయాయి. పేగుల కథ అప్పుడూ వినసొంపుగానే ఉంది.

ఇదంతా చెప్పాక కడుపు సంగతి వదిలేద్దామంటే నేను ఒప్పుకోను. ఈ చర్చలో అందరికంటే ఎక్కువగా నష్టపోయింది ఆ పిల్లల కడుపే. ఒక పక్షం దాన్ని ఆటిజానికి తాళంచెవిగా చూసింది. మరో పక్షం ఆటిజం ఉన్న బిడ్డ ఏడిస్తే అది ఆటిజమేనని సరిపెట్టుకుంది. మాట రాని బిడ్డ నొప్పిని చేతలతో చెబుతుంది. మంచం అంచుకో బల్ల అంచుకో కడుపు ఆనించి పడుకోవడం, ఉన్నట్టుండి తల బాదుకోవడం, చెయ్యి కొరుక్కోవడం, రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం, మరుగుదొడ్డి వైపు తీసుకెళ్తే బిగుసుకుపోవడం ఇవన్నీ కడుపునొప్పికి గుర్తులు కావచ్చని పిల్లల వైద్య నిపుణులు 2010లోనే ఉమ్మడిగా చెప్పారు. మలబద్ధకానికి మందు ఉంది. లాక్టులోజ్ సిరప్ వంటివి చవకే, రేపల్లెలోనూ దొరుకుతాయి. పిల్లల డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్లు ఇస్తే కడుపు తేలికపడుతుంది. పెరుగన్నం మానకుండానే దాని పక్కన ఒక్క గింజంత కొత్త పదార్థం పెట్టి, ముట్టకపోయినా బలవంతం చేయకుండా, వారాల తరబడి అలవాటు చేసే పద్ధతి ఆక్యుపేషనల్ థెరపీ తెలిసినవారు నేర్పుతారు. కడుపు బాధ తగ్గిన బిడ్డ నిద్రపోతుంది, నిద్రపోయిన బిడ్డ థెరపీలో కుదురుగా కూర్చుంటుంది. ఆటిజం పోదు, రోజు గడవడం తేలికవుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి బిడ్డ వచ్చినప్పుడు, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో పరీక్షించేటప్పుడు, చూపు కలుపుతున్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా అన్న ప్రశ్నల పక్కన మరొకటి చేర్చాలి: దొడ్డికి వెళ్లి ఎన్ని రోజులైందమ్మా?